విజయనగరమా, సిక్కోలా? ఒళ్ళు అలవకుండా తేల్చుకునే చిట్కాలు

హైదరాబాదు అద్దెలతో విసిగిపోయి విజయనగరమో శ్రీకాకుళమో వెళ్ళిపోదామనుకుంటున్నారా? భేషైన ఆలోచన. లాభనష్టాలు బేరీజు వేసుకోమని అందరూ చెబుతారు. తప్పకుండా వేసుకోండి. కాకపోతే నిర్ణయం ముందు తీసుకుని, బేరీజు తర్వాత వేసుకోండి. సగం పని తగ్గుతుంది.

1. కాగితం మధ్యలో గీత గీయండి. లాభాల వైపు మీరు చెబుతూ మీ ఆవిడ చేత రాయించండి. రేపు ఏ తేడా వచ్చినా దస్తూరీ ఆవిడది.

2. ఇల్లు సంక్రాంతికే చూడండి. అక్టోబరులో వెళ్ళారంటే జనం 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌నీ, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుఫానునీ తవ్వి తీస్తారు. జనవరిలో అరిసెల గురించి తప్ప మాట్లాడరు. శ్రీకాకుళంలో నాగావళి గట్టు పక్కన పల్లంలో ఉన్న ఇల్లు వెతకండి. ఆ నెలలో ఏరు ఇసుక తిన్నెలతో ముచ్చటగా ఉంటుంది, అద్దె కూడా తగ్గించి అడగొచ్చు. గోడ మీద మోకాలెత్తున మట్టి చార కనిపిస్తే బీరువా అడ్డం పెట్టే చోటు అదేనని గుర్తు పెట్టుకోండి. వరద సంగతి అడగొద్దు, ఓనరు నిజం చెప్పేస్తాడు. "ఏటీ అవదు బాబూ" అంటే మాత్రం అక్కడికక్కడే అడ్వాన్స్ చేతిలో పెట్టండి.

3. విజయనగరమైతే సిరిమాను తిరిగే దారిలోనే ఇల్లు తీసుకోండి. విజయదశమి వెళ్ళిన మంగళవారం చింతమాను చివర కూర్చున్న పూజారి పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. దర్శనం మీ బాల్కనీలోంచే అయిపోతుంది. ఏడాదిలో మిగతా రోజులు బండి ఎక్కడ పెట్టాలి, ఆ మోతలో పిల్లలు ఎలా చదవాలి అని బుర్ర పాడుచేసుకోవద్దు. పండక్కి దిగే చుట్టాలకు ఓ రోజు ముందే ఫోను చేసి గ్యాస్ అయిపోయిందని చెప్పండి. పులిహోర వాళ్ళే కట్టుకొస్తారు, మీకూ సరిపడా.

4. ఆస్పత్రి, కాలేజీ, ఉద్యోగం అంటూ ఎవరైనా సాగదీస్తే "వైజాగ్ ఎంత, గంట" అని కొట్టేయండి. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు. తగరపువలస దగ్గర హైవే ఎక్కడం, ఆ తర్వాత సిగ్నళ్ళు లెక్కలోకి తీసుకోకండి. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద పట్టే సమయమే చెప్పండి. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్లు దాటినా అదే గంట చెప్పండి. మాట మార్చడం మంచిది కాదు.

5. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఈ సంగతి అత్తవారికి చెప్పకండి. "స్టేషన్‌లో దిగితే ఇంటికొచ్చినట్టే మావయ్యా" అనండి. తెల్లవారుజామున పెట్టెలతో దిగి, ఆటో బేరమాడి, పది కిలోమీటర్లకు పైగా కుదుపులు తిని వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చే ఏడాది దాకా రారు.

6. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఓసారి, 2023లో ఓసారి శంకుస్థాపన జరిగింది. రెండు శంకుస్థాపనలంటే ధర రెండుసార్లు పెరుగుతుందని అర్థం. పీఎఫ్ తీసి స్థలం కొనేయండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు అడిగితే బ్రోకరు నొచ్చుకుంటాడు. "పక్కనే" అంటే ఎన్ని కిలోమీటర్లని అడిగితే మీరే నొచ్చుకుంటారు.

7. ఆఫీసులో చెప్పకుండా మారండి. పాలు పొంగించే రోజు అమ్మకి ఒంట్లో బాగోలేదని మెసేజ్ పెట్టండి. అమ్మ వెనక నుంచి పాయసం గరిటెతో పిలుస్తుంటే మైకు, కెమెరా రెండూ కట్టేయండి. ఆ తర్వాత వాన పడితే కరెంటు లేదు, పడకపోతే నెట్టు లేదు.

8. హైదరాబాదు ఇల్లు మాత్రం ఖాళీ చేయకండి. సామాను ఎప్పుడు తెస్తారని అడిగితే ఆషాఢం అనండి, తర్వాత భాద్రపదం, ఆ పైన మూఢం, చివరికి పుష్యం. రెండు చోట్లా అద్దె కడుతూ ఉండండి. వెనక్కి రావడానికి గూడు ఉంటుంది, ముందుచూపు గల మనిషని పేరూ వస్తుంది.

9. పిల్లల్ని నవంబరులో బడి మార్పించండి. అర్ధ సంవత్సరం పరీక్షలు రెండు చోట్లా తప్పిపోతాయి.

10. చేబదుళ్ళు తీర్చి వెళ్ళకండి. కన్యాశుల్కంలో గిరీశం విజయనగరంలో అప్పులవాళ్ళని తప్పించుకుని కృష్ణరాయపురం అగ్రహారానికి చెక్కేశాడు. మీరు ఎదురు దిశలో వెళ్తున్నారు, అంతే. కొత్త నంబరు తీసుకోండి.

ఇవన్నీ పాటిస్తే ఏడాది తిరిగేసరికి రెండు అద్దెలు, దారి లేని ఒక స్థలం, మాటల్లేని అత్తవారు మీ చేతిలో ఉంటారు. అక్కడితో ఆగకండి. పార్వతీపురం 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. వచ్చే సంక్రాంతికి అక్కడా ఓ ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చి రండి.