అళగరుకు లేటు మార్కు

దేవుడికి కూడా లేటు మార్కు వేసే రోజులొచ్చాయి. వినాయకుడి దగ్గర నాయకత్వం, హనుమంతుడి దగ్గర ఆత్మవిశ్వాసం, వెన్నదొంగ దగ్గర టీమ్‌వర్క్ నేర్పించి నేర్పించి విసుగెత్తినట్టుంది, వేసవి శిబిరాల వారు ఈసారి మధుర అళగరును, అంటే విష్ణుమూర్తిని, పట్టుకొచ్చి టైమ్ మేనేజ్‌మెంట్ మాస్టారి ముందు చేతులు కట్టించారు. చెల్లెలు మీనాక్షి పెళ్లికి ఆయన వేళకు రాలేదట. వైగై ఏటి నడుమకు వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయిందని తెలిసి, అలిగి అటునుంచటే వెళ్లిపోయాడట. కనుక పిల్లలూ, రేపటి నుంచి అలారం పెట్టుకుని లేవండి. ఈ పాఠాన్ని కోయంబత్తూరులోనూ మధురలోనూ తెలుగిళ్ల అమ్మానాన్నలు ఫీజు కట్టి మరీ కొంటున్నారు. ఇంట్లో అవ్వ చెప్పే కథకు రసీదు ఉండదు గనక దానికి విలువ లేదనుకున్నారేమో.

ముందు ఈ ఆలస్యం సంగతి తేలుద్దాం. మీనాక్షి కల్యాణం ఒకప్పుడు మాశి నెలలో జరిగేది. చిత్తిరై నెలలో అళగరు ఏరు దిగేది మధురలో కాదు, వైగై ఎగువన తేనూరులో. ఒకటి శైవుల తిరునాళ్లు, ఒకటి వైష్ణవులది. ఒకదాని ఊసు ఒకదానికి లేదు. కల్యాణాన్ని చిత్తిరైలోకి, ఏరు దిగడాన్ని మధురకు తెచ్చి రెంటినీ కలిపినవాడు తిరుమల నాయకుడు, 1623 నుంచి 1659 దాకా మధురనేలిన మన తెలుగు దొర. శైవ వైష్ణవుల్ని కలపాలని చేశాడంటారు కొందరు. కోతలు ముగిశాకైతే తేరు లాగడానికి జనం దొరుకుతారని చేశాడంటారు మరికొందరు. ఏదైతేనేం, రెండు పండుగలూ పక్కపక్కన పడేసరికి చూసే జనానికి ఒక అనుమానం వచ్చింది. అన్నగారు ఊళ్లోకి, ఏటి దాకా వచ్చి కూడా చెల్లెలి గడప తొక్కడేమిటి? ఆ అనుమానానికి జనమే చెప్పుకున్న జవాబు ఈ ఆలస్యం కథ. గుడి పురాణాన్ని అడిగితే వేరే చెబుతుంది: దుర్వాసుడి శాపంతో కప్పగా పడి ఉన్న మండూక మహర్షికి ముక్తినివ్వడానికి స్వామి వస్తాడు. అందులో పెళ్లీ లేదు, అలకా లేదు. అళగర్‌కోయిల్ మీద పరిశోధన చేసిన తమిళ పండితుడు తొ. పరమశివన్ ఈ ముడులన్నీ ఎప్పుడో విప్పి చూపించాడు. ఆలస్యం దేవుడిది కాదు, పంచాంగం మార్చిన రాజుది. లేటు మార్కు వేయక తప్పదంటే ఆ నోటీసును తిరుమల నాయకుడి మహలు చిరునామాకు పంపండి.

అసలు విష్ణుమూర్తి ఆ పెళ్లికి రాలేదన్న మాటే తప్పు. మధుర గుడిలో కంబత్తడి మండపం దగ్గర నిలబడి తల ఎత్తితే చాలు, మీనాక్షి చెయ్యి పట్టి సుందరేశ్వరుడి చేతిలో పెడుతున్న విష్ణువు రాతిలో కనిపిస్తాడు. ఏటేటా కల్యాణానికి తిరుప్పరంకుండ్రం నుంచి పవళక్కనివాయ్ పెరుమాళ్ వేళకు వస్తాడు, ధారపోస్తాడు, వెళ్తాడు. ఒక విష్ణువు ముహూర్తానికి హాజరు, ఇంకో విష్ణువు దారిలో ఉన్నాడు, ఇద్దరూ ఒకరే. మధుర జనానికి ఇందులో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది శిబిరం మాస్టారికే, ఎందుకంటే ఆయన వర్క్‌షీటులో తప్పు, ఒప్పు అని రెండే గళ్లున్నాయి.

ఇక దారి సంగతి. అళగరు కొండ దిగేది కళ్లర్ కులస్థుల వేషంలో. దారి పొడుగునా వందల మండపాలు, ఒక్కోచోట ఒక్కో కులం వాళ్లు, ఒక్కో వీధి వాళ్లు ఆయన్ని ఆపుతారు. ఆపిన ప్రతిచోటా ఆగుతాడు. తల్లాకుళంలో శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చిన ఆండాళ్ మాల వేసుకుంటాడు. ఆ తరువాతే బంగారు గుర్రమెక్కి చిత్రా పౌర్ణమి పొద్దున ఏట్లో దిగుతాడు. ఆయన కట్టిన పట్టు రంగు చూసి ఆ ఏటి వానల సంగతి చెప్పుకుంటారు రైతులు. అక్కడి నుంచి వండియూరు పోయి తుళుక్క నాచ్చియారు, అంటే ముస్లిం దేవేరి, దగ్గర ఆగుతాడు. ఈ చివరి మజిలీ మీద ఏ శిబిరమూ పాఠం చెప్పగా వినలేదు, ఎందుకో మరి. ఇంత మందిని పలకరించుకుంటూ పోయే స్వామిని పట్టుకుని టైమ్ మేనేజ్‌మెంట్ రాదనడానికి నోరెలా వచ్చింది? పోనీ, అందరి కోసమూ ఆగాలన్నదే అసలు పాఠమని తిప్పి చెబుదామా అంటే అదీ వద్దు. అది ఇంకో శిబిరానికి సరుకవుతుంది.

మిగతా కథల గతీ ఇంతే. మామిడిపండు పోటీలో తల్లిదండ్రుల చుట్టూ తిరిగిన వినాయకుడు గెలిచాడు, కనుక తెలివిగా పని చేయండి అంటారు. ఓడి అలిగి పోయిన పిల్లవాడు పళని కొండ మీద కూర్చున్నాడు, కావళ్లన్నీ అక్కడికే నడుస్తున్నాయి. కోయంబత్తూరు పక్కన పేరూరులో శివుడు, పార్వతి కూలివాళ్లై నాట్లు వేశారు, అది శ్రమ గౌరవమట. సుందరమూర్తి నాయనారు వస్తున్నాడని, అడిగితే ఇవ్వడానికి చేతిలో లేక పొలంలో దాక్కున్నారనీ, గుట్టు బయటపెట్టిన నందిని శివుడు పారతో కొట్టాడనీ పేరూరులో ఏ ముసలివాణ్ణి అడిగినా చెబుతాడు. మధురలో వంది అవ్వ పిట్టు తిని, ఆమె తరఫున వైగై గట్టుకు మన్ను మోయాల్సిన శివుడు పని మానేసి నిద్రపోయాడు. పాండ్యరాజు బెత్తంతో కొడితే ఆ దెబ్బ రాజుతో సహా అందరి వీపు మీదా పడింది. గుర్రాలు కొనమని రాజిచ్చిన సొమ్ముతో మాణిక్యవాచకుడు గుడి కట్టించాడు. దీన్ని ఆర్థిక అక్షరాస్యత కింద చేర్చమని మనవి.

ఒక్క కథ మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు. మధుర సంఘంలో శివుడి పద్యాన్నే తప్పు పట్టిన నత్కీరుడి కథ. మూడో కన్ను తెరిచినా తప్పు తప్పేనని నిలబడ్డవాడు. ఈ మధుర కథను మన ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలోకి తెచ్చుకున్నాడు. పిల్లలకు దేవుడి కథల్లోంచి ఏదైనా అందాలంటే ముందు ఇదే అందాలి కదా? అందనివ్వరు. ఇది విన్న పిల్లవాడు లేచి, మాస్టారూ, మీ పాఠం తప్పు అంటే ఫీజు వాపసు ఇవ్వాల్సి వస్తుంది.

వీళ్లకు కావలసింది దేవుడు కాదు, చెప్పినట్టు వినే పిల్లవాడు. వేళకు లేచి, అమ్మ మాట విని, మార్కులు తెచ్చి, ఎదురు ప్రశ్న వేయని పిల్లవాడు. ఆ పని అమ్మానాన్నలు తమ మాటగా చెబితే వాడు వినడు గనక దేవుణ్ణి మధ్యవర్తిగా పెట్టుకున్నారు. మిల్లుల ఊరు కోయంబత్తూరుకు జిన్నింగు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు: పత్తిలోంచి గింజ వేరు చేసినట్టు కథలోంచి నీతిని వేరు చేసి, దూదిని పారబోసి, గింజను పిల్లవాడి నోట్లో పెడుతున్నారు. పైగా దానికి సంప్రదాయం అని పేరు. ఏ సంప్రదాయం? మధుర నాయకుల కొలువులో తెలుగువాళ్లు దేవతల మీద రాసుకున్న కావ్యాల పేర్లు తారాశశాంక విజయం, అహల్యా సంక్రందనం. గురుపత్నితో చంద్రుడి ప్రేమ, అహల్యతో ఇంద్రుడి ప్రేమ. ఇవి పిల్లలకు చెప్పమని అనడం లేదు. పూర్వులు దేవుళ్లను నీతిబోధకే వాడారన్న బుకాయింపు మధురలో చెల్లదని అంటున్నాను.

పిల్లలకు నీతి వద్దా అని అడుగుతారు. కావాలి. నీతి కావలసినవాళ్లు నీతికథలే రాశారు. విష్ణుశర్మ నక్కల్నీ కాకుల్నీ పెట్టుకున్నాడు, చిన్నయ సూరి 1853లో నీతిచంద్రిక అని పేరు పెట్టి మరీ అచ్చు వేయించాడు. దేవుణ్ణి ఆ ఉద్యోగంలో పెట్టలేదు. హరిదాసులు కథ మధ్యలో నీతి చెప్పలేదా అని ఇంకో మాట. చెప్పారు, ఎదురుగా కూర్చున్న ఊరిని చూసి, ఆ రాత్రికి తోచింది చెప్పారు. మర్నాడు అదే కథకు ఇంకో మాట. అచ్చు వేసిన జవాబుల పేజీ ఒకటి దాసుగారి చంకలో లేదు. ఈ మాత్రం శిబిరమైనా లేకపోతే పిల్లలకు దేవుడి పేరే తెలియదంటారు చివరికి. చిత్రా పౌర్ణమి తెల్లవారుజామున వైగై గట్టున తండ్రి భుజం మీద కూర్చున్న పిల్లవాడికి దేవుణ్ణి పరిచయం చేయడానికి ప్రొజెక్టర్ దేనికి? ఆ స్వామి చెల్లెలి ఇంటికి ఎందుకు పోలేదని వాడే అడుగుతాడు. ఆ ప్రశ్నలోంచే నాలుగు వందల ఏళ్ల కింద ఒక కథ పుట్టింది. శిబిరంలో ప్రశ్న పుట్టకముందే జవాబు చేతికిస్తున్నారు. ఇంకో కథ ఎలా పుడుతుంది?

అసలు కోపం వేరే ఉంది. ఈ శిబిరాల్లో పాఠం ఇంగ్లీషులో, మందలింపు తమిళంలో. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర గద్దె ఎక్కిన నాటి నుంచి లెక్కేసినా అయిదు వందల ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లూ ఈ తెలుగు ఎక్కడ బతికింది? బడిలో కాదు. 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసిందని చట్టాన్ని తిట్టుకోవడం తేలిక, కానీ అంతకుముందు మాత్రం ఈ ఊళ్లలో ఎంతమంది తెలుగు అక్షరం దిద్దారు? లిపి రాని నోళ్లలో, పెళ్లి పాటలో, తిట్టులో, అవ్వ కథలో బతికింది. వలస వస్తుంటే సైన్యం తరిమిందనీ, ఏటి గట్టు మీది కానుగచెట్టు వంగి దాటించిందనీ కంబళత్తు నాయకర్ల ఇళ్లలో చెప్పుకుంటారు. అలాంటి వలస కథలు విని పెరిగిన ఇడైసెవల్ తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ వాటిని తమిళంలో నవలలు చేశాడు, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నాడు. చెట్టు ఎందుకు వంగిందని ఆయనకు ఎవరూ వర్క్‌షీటు ఇచ్చి ఉండరు. దేవుడి కథను తెలుగులో చెప్పగలిగిన చివరి మనిషి ఇంటి అరుగు మీద ఖాళీగా కూర్చుని ఉంటే, మనవణ్ణి బండెక్కించి అదే దేవుడి కథను పరభాషలో వినిపించడానికి తీసుకుపోవడం ఎంత బుద్ధి తక్కువ పనో చెప్పడానికి నాకు వ్యంగ్యం చాలడం లేదు.

అయ్యా, అమ్మా, వచ్చే వేసవికి ఆ ఫీజు కట్టకండి. పిల్లవాణ్ణి అవ్వ పక్కన పడుకోబెట్టండి. ఆమె అళగరును వేళకు రప్పించినా, ఆలస్యంగా రప్పించినా, మధ్యలో నిద్రపోయి కథ మరిచిపోయినా మీరు కల్పించుకోకండి. తెల్లారి లేచాక, రాత్రి ఏం నేర్చుకున్నావురా అని మాత్రం వాణ్ణి అడగకండి.