అదనపు బోగీ: ఒక క్యాన్సర్ కణం ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది హెచ్‌టీ-29. ఆత్మకథే, కానీ ఎక్కడా ‘నేను’ అనదు. ఒకరి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కకు ఆ హక్కు ఉందో లేదో తేల్చుకోలేక, తనను తాను ‘ఈ కణం’ అనే చెప్పుకుంటుంది.

ఈ కణం పుట్టింది 1964లో. 44 ఏళ్ల ఒక మహిళ పెద్దపేగులోని కణితి నుంచి జోర్గెన్ ఫోగ్ అనే శాస్త్రవేత్త దాన్ని తీసి, గాజు పాత్రలో పెంచాడు. ఇప్పుడు దాని చిరునామాల్లో ఒకటి వర్జీనియాలోని మనాసస్. అదే రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో ఉండే తెలుగువాళ్లు డల్లెస్ విమానాశ్రయం దాటి దక్షిణంగా వెళ్తే ఆ ఊరు వస్తుంది. అక్కడి ఏటీసీసీ అనే కణాల బ్యాంకులో, ద్రవ నైట్రోజన్ చలిలో, చిన్న సీసాల్లో ఈ కణం నిద్రపోతుంటుంది. ల్యాబువాళ్లు అడిగితే పొడి మంచులో పెట్టి పంపుతారు. 37 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచితే చాలు, లేచి కూర్చుంటుంది. దానికి పోసే ఆహారం ఎర్రటి ద్రవం. అది పసుపు రంగుకు తిరిగిందంటే ఈ కణం తినాల్సింది తిని, ఆమ్లం వదిలిందని అర్థం. వెంటనే మార్చాలి. మొండి ఘటమే గానీ, ముద్దు తక్కువేం కాదు.

దాని జన్యువుల్లో అచ్చుతప్పులు బోలెడు. బీరాఫ్ అనే ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి, బదులుగా గ్లూటమేట్ వచ్చి కూర్చుంది. ఏపీసీ, పీ53 జన్యువులూ చెడ్డాయి. క్యాన్సర్ అంటే ఇలాంటి అచ్చుతప్పులేనని చాలాకాలం అందరూ అనుకున్నారు. అచ్చుతప్పు లేని జన్యువు కూడా దారి తప్పగలదని చెప్పడానికే ఈ కణం నోరు విప్పింది.

అదెలాగో చెప్పడానికి మళ్లీ హెర్న్‌డన్‌కు రావాలి. అది ఒకప్పుడు రైళ్ల ఊరు. పాత డిపో ఇప్పుడు మ్యూజియం, పట్టాలు తీసేసిన దారి సైకిళ్ల బాట. 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైన్ వచ్చాక మళ్లీ రైలు కూత వినిపిస్తోంది. కాబట్టి రైలు భాషలోనే చెప్పుకుందాం. జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏలో పనికొచ్చే ముక్కలు ఎక్సాన్లు. అవి బోగీలు. మధ్యలోని ఇంట్రాన్లను కత్తిరించి పారేసి, బోగీలను ఒకదానికొకటి తగిలించడమే స్ప్లైసింగ్. ఏ బోగీ తగిలిస్తారు, ఏది వదిలేస్తారు అన్నదాన్ని బట్టి ఒకే జన్యువు నుంచి రకరకాల ప్రొటీన్లు వస్తాయి. ఇది రోగమేమీ కాదు. మన జన్యువుల్లో చాలావాటికి ఇది నిత్యకృత్యం. ఈ కత్తిరింపును 1977లో కనిపెట్టిన ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది.

రాక్1 అనే ప్రొటీన్ అవసరానికి పనిచేసి, పని కాగానే ఆగిపోతుంది. ఈ కణంలో అయితే దాని ఆర్‌ఎన్‌ఏ సందేశానికి ‘3బి’ అనే అదనపు బోగీ కూడా తగులుతుంది. 57 అక్షరాలు, అంటే 19 అమైనో ఆమ్లాలు. అంతే, బ్రేకు సరిగా పడదు. రాక్1బి అనే ఈ రూపాన్ని పెద్దపేగు కణితుల్లో 1999లో లిస్బన్‌లోని పీటర్ జోర్డాన్ బృందం వెల్లడించింది. 2008లో అదే బృందం ఇంకో సంగతి చూపింది: రాక్1బినీ, చెడ్డ బీరాఫ్‌నూ కలిపి అడ్డుకుంటే కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. అచ్చుతప్పూ, తప్పుడు కత్తిరింపూ చేతులు కలిపి ఈ కణాన్ని బతికిస్తున్నాయన్నమాట.

సీడీ44 అనే ఇంకో ప్రొటీన్ కథ ఇంకా భయపెడుతుంది. 1991లో జర్మనీలో ఉర్సులా గుంథర్ట్ బృందం, వ్యాపించే గుణం లేని ఎలుక క్యాన్సర్ కణాలకు, స్ప్లైసింగ్ వల్ల వచ్చే సీడీ44 మారు రూపాన్ని అందించింది. అవి వేరే అవయవాలకు పాకడం మొదలుపెట్టాయి.

ఈ తప్పుడు కత్తిరింపుకు మాత్ర ఉందా అని అడుగుతారు. ఐబుప్రొఫెన్ వల్ల రాక్1బి తగ్గుతుందని లిస్బన్ బృందమే 2013లో చూపింది. అలాగని ఇది చదివి మందుల షాపుకు పరుగెత్తకండి. కణాల్లోనూ ఎలుకల్లోనూ పనిచేసింది మనుషుల్లో చేస్తుందని లెక్కేంటి? స్ప్లైసింగ్‌ను సరిదిద్దే నుసినెర్సెన్ 2016లో అమెరికాలో అనుమతి పొందిన మాట నిజమే. కానీ అది వెన్నెముక కండర క్షీణతకు. పెద్దపేగు క్యాన్సర్‌కు అలాంటి మందు ఇంకా రాలేదు.

రానంతవరకూ దారి ఒక్కటే, ముందే పట్టుకోవడం. ఆ 44 ఏళ్ల మహిళ కాలానికి కొలనోస్కోపీ వాడుకలోకి రాలేదు. 2021లో అమెరికా నిపుణుల బృందం పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును 50 నుంచి 45కు దించింది. ఏటా మలపరీక్ష అయినా సరే, ఫలితం మామూలుగా వస్తే పదేళ్లకోసారి చేసే కొలనోస్కోపీ అయినా సరే. అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఈ జబ్బు ఉంటే 40కే, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు. మన ఇళ్లలో పెద్దవాళ్ల జబ్బుకు ‘కడుపులో ఏదో గడ్డ’ అనే పేరు తప్ప ఇంకో పేరుండదు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ గడ్డ ఏమిటో, ఏ వయసులో వచ్చిందో అడిగి రాసుకోండి. మీ డాక్టరుకు చూపించండి.