చాకు బావ

చాకు బావ దగ్గర చాకు లేదు. మడత చాకు కొనాలని ఆయన వెతుకులాట మొదలుపెట్టిన రోజుల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. బడ్జెట్ రెండున్నర వేలు, అది దాటడు. షరతులు మూడు: గట్టిగా ఉండాలి, జేబులో పట్టాలి, అలాంటిది ఇంకొకడి జేబులో ఉండకూడదు. అసలు షరతు మూడోదే.

ఈ బాపతు బావలు కరీంనగర్‌లో వాడకొకరు ఉంటారు, మంచిర్యాలలోనూ ఆదిలాబాద్‌లోనూ దొరుకుతారు. గుర్తుపట్టడం సులువు. టవర్ సర్కిల్ దుకాణంలో చాకు చేతికిస్తే ధర అడగడు. తెరుస్తాడు, మూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తెరుస్తాడు. బ్లేడు కొస పట్టుకుని పక్కలకు ఊపుతాడు. మూశాక బ్లేడు పిడికి సరిగ్గా నడిమధ్యన కూర్చుందా లేదా అని ఒంటికన్నుతో చూస్తాడు.

"సేటూ, ఇది ఊగుతున్నది."

"నువ్వు ఊపుతున్నవు కద సారూ, ఊగదా మరి?"

ఆ పరీక్షలో తప్పు పట్టడానికేమీ లేదు. మడత చాకు ప్రాణమంతా ఇరుసులో ఉంటుంది. అక్కడ వదులైతే ఎంత మంచి ఉక్కయినా దండగే. తెరిచిన బ్లేడును బిగబట్టే లాకు లేకపోతే ముందు తెగేది మన వేలే. ఈ మాత్రం తెలిసినవాడు పది నిమిషాల్లో కొనుక్కుని ఇల్లు చేరాలి. బావకు ఇంకా చాలా తెలుసు, చిక్కంతా అదే.

స్విస్ చాకు వద్దంటాడు, సాఫ్ట్‌వేర్ పిల్లగాళ్ల తాళంచెవులకు వేలాడేది అదేనట. రాంపురి వద్దు, అది సినిమా విలన్లది. బ్లేడు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితే ఆయుధ చట్టం ఏమంటుందో అప్పజెబుతాడు. ఆయనకు కావలసింది మూడంగుళాలదే, అయినా చట్టం వల్లించనిదే తృప్తి ఉండదు. డి2 ఉక్కులో పన్నెండు శాతం దాకా క్రోమియం ఉన్నా తుప్పు పడుతుందని బెంగ. ఫ్రాన్సు వాళ్ల ఒపినెల్ మీద కొన్నాళ్లు మనసు పడ్డాడు. 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చెక్క పిడి చాకు అది. బ్లేడు కదలకుండా తిప్పి బిగించే ఉంగరం 1955లో వచ్చింది. చూడముచ్చటగా ఉంటుంది, ధరా అందుతుంది. కానీ చెక్క తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. "మన ఆదిలాబాద్ వానలకు వినాయకచవితికి మూస్తే మళ్ల దసరాకే తెరుచుకుంటది" అని కొట్టిపారేశాడు.

ఎవరో అలలు అలలుగా గీతలున్న 'డమాస్కస్' చాకు చూపించారు. బావ రెచ్చిపోయాడు. అవి రెండు రకాల ఉక్కు పొరలుగా అతికి, ఆసిడ్‌తో తేల్చిన గీతలు. అసలు సరుకు మూసలో కరిగించిన ఉక్కు, అది గోదావరికి దక్షిణాన కోనసముద్రంలో తయారయ్యేది. 1820లలో వాయిసీ అనే దొర అక్కడికి పోయి చూసి రాసింది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చేవాడట. బావ ఈ కథ చెప్పినప్పుడల్లా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఇస్ఫహాన్ నుంచి వచ్చినాయన కొనుక్కునే పోయాడు కదా అని అడగబోయి ఊరుకుంటాను.

కుంటాల జలపాతానికి పోతూ నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు కిటికీ దగ్గరికి జామకాయల పెద్దమ్మ వచ్చింది. అరగదీసిన ఆక్సా బ్లేడు, పిడికి సైకిల్ ట్యూబు చుట్టు. కాయను నాలుగు రెక్కలుగా చీల్చి, అడుగు తెగకుండా ఆపి, నడుమ ఉప్పుకారం కూరింది. బావ కళ్లు కాయ మీద లేవు.

"ఏం స్టీలు పెద్దమ్మా అది?"

"స్టీలు లేదు గీలు లేదు. కాయ తింటవా బిడ్డా, లేదా? బస్సు కదులుతున్నది."

కాయ తిన్నాడు. ఆ చాకు చేసిందెవరని కూడా అడిగాడు. తమ ఊరి కమ్మరాయన అంది. ఆ మాట బుర్రలో పడ్డాక ఇక జలపాతం ఎవరు చూస్తారు? తిరిగి రాగానే గ్రాఫు కాగితం మీద బొమ్మ గీశాడు. ఇరుసుకు ఇటూ అటూ ఇత్తడి వాషర్లు, వెనక స్ప్రింగు, అన్నీ మిల్లీమీటర్లలో. అది పట్టుకుని తన సొంతూరి కమ్మరి కొలిమికి పోయాడు. కమ్మరి బొమ్మను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మడత ఎందుకు సారూ, ఇరగకుంట నిలువుగ చేస్త."

"మడత ఉండాలె."

"సరే. లారీ కమాన్ పట్టి ముక్క ఉన్నది. ఎడ్లబండ్ల ఇరుసులు సరిచేసినోణ్ణి, ఇది చేయనా? ఎనిమిది వందలియ్యి, ఆదివారం రా."

ఇన్నాళ్లకు గట్టి చాకు, జేబులో పట్టే చాకు, బడ్జెట్‌లో మూడో వంతుకు. బావ లేచి డబ్బు తీయబోయాడు. అంతలో కమ్మరి మంచి మనసుతో ఇంకో మాట అన్నాడు:

"బొమ్మ మంచిగున్నది సారూ. సర్పంచ్ సాబుకు గూడ గిసుంటిదే ఒకటి చేస్త."

బావ డబ్బు మళ్లీ జేబులో పెట్టుకుని కాగితం మడుచుకున్నాడు. కమ్మరి మాత్రం బొమ్మ గుర్తున్నంత వరకు రెండు చేశాడు. ఒకటి సర్పంచ్ దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. నాది పక్కకు కొంచెం ఊగుతుంది, మామిడికాయ మాత్రం చక్కగా కోస్తుంది. మీ ఇంటికి ఇలాంటి చుట్టం వస్తే కత్తిపీట తప్ప ఇంకేదీ కంటపడనివ్వకండి.