నెట్‌వర్క్ కుర్రాళ్లు వినకూడని ఆరు సలహాలు

వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు వైపు నెట్ కనెక్షన్లు నడిపే ఆఫీసుల్లో పాలిటెక్నిక్ చదివిన పిల్లలు పనికి చేరుతుంటారు. ఏ స్విచ్ పడిపోయిందో, ఏ లైన్ మీద లోడ్ పెరిగిందో గ్రాఫ్ గీసి చూపే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ను మొదట వాళ్లకే అప్పగిస్తారు. ఉచితంగా దొరికే కాక్టి అలాంటిదే. దాంతోపాటు ఈ సలహాలు కూడా అప్పగిస్తారు. దయచేసి వినకండి.

1. "అది ఊకె చూస్తది, దానితోని ఏం ప్రమాదం?"
చూడటానికీ తాళంచెవులు కావాలి. ప్రతి రూటర్ ఐపీ, ఎస్‌ఎన్‌ఎంపీ పాస్‌వర్డ్ అందులోనే ఉంటాయి. ఆ పాస్‌వర్డ్ ఇంకా ‘పబ్లిక్’ అనే ఉంటే ఇవాళే మార్చండి.

2. "పాస్‌వర్డ్ పెట్టినం గదా!"
2022 డిసెంబర్‌లో కాక్టిలో బయటపడ్డ సీవీఈ-2022-46169 లోపానికి లాగిన్‌తో పనే లేదు. తీవ్రత పదికి 9.8. రిమోట్ ఏజెంట్ అనే పేజీ అడిగేవాడి ఐపీ చూసి లోపలికి రానిస్తుంది. ఆ ఐపీని రిక్వెస్ట్ హెడర్‌లో రాసినదాన్ని బట్టే నమ్మేది. దాడి చేసేవాడు సర్వర్ సొంత ఐపీనే అక్కడ రాసి పంపితే సరిపోయేది. ఆ తర్వాత వాడిచ్చిన కమాండ్లను సర్వర్ నడిపేసేది.

3. "నడుస్తున్నదాన్ని గెలుకొద్దు."
ఆ లోపం 1.2.22లో ఉంది, 1.2.23లో సరిచేశారు. 2023 జనవరికల్లా దాడులు మొదలయ్యాయి. బ్యాకప్ తీసి, రాత్రి రద్దీ తగ్గాక అప్‌డేట్ చేయండి.

4. "పబ్లిక్ ఐపీ మీద పెట్టు, ఇంటికాడ ఫోన్ల చూసుకోవచ్చు."
మీకు కనిపించేది లోకానికంతా కనిపిస్తుంది. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ ద్వారానే చూడండి.

5. "మన వనపర్తి మీద ఎవడు పడ్తడు?"
ఇంటర్నెట్‌ను జల్లెడపట్టే ప్రోగ్రాములు ఊరి పేరు అడగవు, తెరిచున్న పోర్టు కోసం వెతుకుతాయి. ఒకసారి లోపలికొస్తే ఏమవుతుందో చూడండి: 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ సహకార బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొల్లగొట్టారు. అక్కడ దొంగలకు దారిచ్చింది ఉద్యోగులకు పంపిన మోసపు ఈ-మెయిల్. ఒక్క కంప్యూటర్ చేజిక్కితే లోపలంతా తిరగొచ్చని ఆ కేసు చూపింది. అందుకే మానిటరింగ్ సర్వర్‌ను వేరే వీలాన్‌లో పెట్టండి.

6. "ఏమన్నయితే ఫార్మాట్ కొట్టు."
కొడితే ఆధారాలన్నీ పోతాయి. కేబుల్ పీకండి, డిస్క్ కాపీ తీయండి, అందులో దాచిన పాస్‌వర్డులన్నీ మార్చండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

యజమానులకు ఒక్క మనవి. మీ కుర్రాడు అప్‌డేట్ కోసం అరగంట మానిటరింగ్ ఆపుతానంటే కసరకండి. ఆ అరగంటకు కస్టమర్ల ఫోన్లు మీరు ఎత్తి జవాబు చెప్పండి, అతన్ని పని చేసుకోనివ్వండి.