ముందుగా విప్పేది నన్నే

నాకు జోడీ లేదు. చలికి తొడుక్కునే గ్లౌజులు రెండు పుడతాయి, మోటార్‌సైకిల్ నడిపేవాళ్ల గ్లౌజులూ రెండే పుడతాయి. రైఫిల్ షూటింగ్ గ్లౌజు మాత్రం ఒక్కటే. ట్రిగ్గర్ మీద ఉండే చేతికి ఏ తొడుగూ పనికిరాదు, అక్కడ వేలి చర్మమే పనిచేయాలి. రైఫిల్‌ను కిందినుంచి మోసే చేతికే నాతో అవసరం. నేను కుడిచేతివాటం వాళ్ల కోసం కుట్టిన ఎడమచేతి గ్లౌజును. నల్లటి తోలు, అరచేతి వైపు జారకుండా రబ్బరు చుక్కలు, మణికట్టు దగ్గర సాగే అంచు.

జర్మనీలో నన్ను కుట్టారు. హైదరాబాద్‌లో ఒక సీనియర్ షూటర్ చేతికి మూడేళ్లు ఉన్నాను. ఆయన కొత్తది కొనుక్కున్నాక నన్ను ఒక కోచ్ సార్‌కు ఇచ్చాడు, ఆ సార్ హనుమకొండలో తన దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయికి ఇచ్చాడు. ఈ ఆటలో సామాను ఇలాగే చేతులు మారుతుంది. బయటిదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన వస్తువులు, ధరలు వేలల్లో ఉంటాయి. ఆర్టీసీ కండక్టర్ ఇంట్లో పిల్ల ఒకేసారి అన్నీ కొత్తవి కొనుక్కోలేదు. ఒకరి ఒంటికి కుట్టిన జాకెట్ ఇంకొకరికి అంత తేలిగ్గా సరిపోదు గానీ, గ్లౌజు సర్దుకుపోతుంది.

నా పని గురించి చెప్పాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో మొత్తం 60 షాట్లు, 75 నిమిషాలు. అంతకుముందు సర్దుకోవడానికీ, సైటర్లు, అంటే లెక్కలోకి రాని షాట్లు, కొట్టుకోవడానికీ 15 నిమిషాలు. రైఫిల్ బరువు అయిదున్నర కిలోలకు మించకూడదని నియమం. ఆ బరువంతా ప్రతి షాటుకూ నా మీదకే వస్తుంది. మా అమ్మాయి ఎడమ మోచేతిని నడుము ఎముక మీద ఆనించి, పిడికిలి బిగించి, ఆ పిడికిలి మీద రైఫిల్‌ను నిలబెడుతుంది. ఎదురుగా ఉన్న టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెన్నుతో పెట్టిన చుక్కంత. దానికి గురిపెట్టేది ఆమె కన్ను. నాకు తెలిసింది ఆమె నాడి.

మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటే రైఫిల్ మూతి కొద్దిగా కదులుతుంది. ఆ కదలిక రైఫిల్ దాకా పోకుండా పీల్చుకోవడానికే నాకు ఇంత మందం. అలాగని ఎంత మందమైనా కుదరదు. ముందువైపు, వెనకవైపు కలిపి 12 మిల్లీమీటర్లు దాటకూడదు. పోటీకి ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్ వాళ్లు కొలుస్తారు, పోటీ అయ్యాక కూడా కొందరిని పిలిచి మళ్లీ కొలుస్తారు. అప్పుడు తేడా వస్తే కొట్టిన స్కోరంతా పోతుంది. కుట్లు, అతుకులు ఉన్నచోట మాత్రం ఆ కొలత లెక్కలోకి రాదు.

కుట్ల సంగతి ఎందుకు గుర్తుపెట్టుకున్నానంటే, నా బొటనవేలి పక్క కుట్టు ఒకసారి ఊడింది. హనుమకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి మా అమ్మాయి వాళ్ల నాన్న నన్ను తీసుకెళ్లాడు. తాత దగ్గర నల్లదారం అయిపోయింది. "ఎర్రదుంది, పెట్టాల్నా?" అన్నాడు. "పెట్టు, గట్టిగుంటే చాలు" అన్నాడు నాన్న. మైనం రాసిన ఎర్రదారంతో తొమ్మిది కుట్లు వేశాడు తాత. పాత కుట్టు రంధ్రాల్లోంచే సూది తీశాడు. కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టలేదు.

ఢిల్లీలో తుగ్లకాబాద్ దగ్గర డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్ ఉంది. 1982 ఆసియా క్రీడల కోసం కట్టారు, 2010 కామన్వెల్త్ క్రీడల షూటింగ్ పోటీలూ చాలావరకు అక్కడే జరిగాయి. నేను తప్పిపోయింది ఆ రేంజ్‌లోనే.

పోటీ అయ్యాక ఏం జరుగుతుందో చెబితే నేను ఎలా పోయానో తెలుస్తుంది. మైకులో "స్టాప్", "అన్‌లోడ్" అంటారు. అందరి కళ్లూ ముందు రైఫిల్ మీదికే వెళ్తాయి, అది న్యాయమే. గుండు లేదని చూపించాలి, నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్‌ను బ్యారెల్ పొడవునా దూర్చాలి, రేంజ్ ఆఫీసర్ చూశాకే లైన్ వదలాలి. జాకెట్ గుండీలు విప్పాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కాబట్టి షూటర్ ముందుగా విప్పేది గ్లౌజునే. అప్పటికింకా చేతిలో సంచి ఉండదు, టేబుల్ మీద ఖాళీ ఉండదు. ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టేస్తారు. ఆ తర్వాత విప్పినవన్నీ నా మీద పడతాయి. అవతల తర్వాతి డీటెయిల్ వాళ్లు, అంటే తర్వాతి విడతలో కొట్టేవాళ్లు, కిట్లు పట్టుకుని నిలబడి ఉంటారు. ఎన్ని రేంజ్‌లలో చూశానో, తప్పిపోయే వస్తువుల్లో ముందుండేవి ముందుగా విప్పినవే: గ్లౌజు, చెవుల్లోంచి తీసిన ప్లగ్గు, కంటి ముందు పెట్టుకున్న బ్లైండర్.

ఆ రోజు మా అమ్మాయి స్కోరు అనుకున్నంత రాలేదు. చివరి పది షాట్లలో నాడి పరుగెత్తింది, నేను ఆపలేకపోయాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నన్ను విప్పి స్టూల్ మీద పెట్టింది. జాకెట్ తీస్తుంటే దాని అంచు తగిలి నేను స్టూల్ వెనక్కి, గోడ పక్కకి పడ్డాను. ఆమె రైఫిల్ పెట్టె మూసింది, సిలిండర్ సర్దింది, ప్యాంటు మడిచింది, బూట్లు సంచిలో వేసింది. వెళ్లిపోయింది. సాయంత్రం రైలు ఉంది.

నన్ను చూసింది తర్వాతి డీటెయిల్‌లో ఆ లేన్‌కు వచ్చిన కుర్రాడు. ఆ 75 నిమిషాలూ నేను అతని పాదాల దగ్గరే ఉన్నాను. పోటీ మధ్యలో అతను కిందికి చూడలేడు, చూడకూడదు కూడా. అయ్యాక నన్ను తీసి దుమ్ము దులిపి, లేన్ నంబరు ఒక చీటీ మీద రాసి, రేంజ్ ఆఫీసర్ టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. ఆ చీటీ రాసిన కుర్రాడిని నేను మరిచిపోను.

టేబుల్ కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో నాలుగైదు సేఫ్టీ ఫ్లాగులు, సగం ఖాళీ అయిన పెల్లెట్ డబ్బా, అలెన్ కీలు, ఒక బూటులోపలి అట్ట, పేరు లేని నీళ్ల సీసా. చిన్న డబ్బీలో, గురి చూడటానికి రైఫిల్ ముందు సైటులో వేసే రింగులు కూడా ఉన్నాయి. అవి పోగొట్టుకున్నవాళ్లు ఆ రాత్రి నిద్రపోయి ఉండరు. కంటికి అలవాటైన రింగు సైజు మారితే మొత్తం లెక్క మారిపోతుంది.

నేను ఉండగానే ఒక వెనక సైటును తెచ్చి పెట్టారు. దాన్ని పెట్టెలో వేయలేదు, మెత్తటి గుడ్డలో చుట్టి ఆఫీసర్ తన ముందే పెట్టుకున్నాడు. మైకులో చెప్పిన పావుగంటకు దాని మనిషి ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలోకి తీసుకోగానే నాబ్‌లు తిప్పకుండా ముందు అంకెలు చూశాడు. దొరికినంత మాత్రాన సరిపోదు, పెట్టినచోటే ఉందా లేదా అన్నది అతని భయం. ఆ భయం ఉత్తది కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా కొట్టిన సైటర్ మధ్యకు చాలా దూరంగా పడింది. విరామంలో సైటు కదిలిపోయి ఉంది. ఆ కొద్ది నిమిషాల్లోనే మళ్లీ సరిచేసుకుని, 700.5 స్కోరుతో భారతదేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. సరిచేసుకోవడానికి ఆయనకు సైటు మీది అంకెలున్నాయి. గ్లౌజుకు అంకెలుండవు, చేతి అలవాటే.

మా అమ్మాయికి రాత్రి తొమ్మిదింటికి తెలిసింది. రైలు ఆగ్రా దాటింది. ఆ సంగతంతా తర్వాత ఆమె ఇంట్లో చెబుతుంటే విన్నాను.

"గ్లౌజు కనిపిస్తలేదు నాన్నా" అని ఫోన్ చేసిందట.

"బ్యాగంత ఎతికినవా?"

"రెండుసార్లు ఎతికిన. బెర్తు కింద గూడ చూసిన."

"ఏడ్వకు బిడ్డా. సార్‌కు ఫోన్ చెయ్యి. ఎర్రదారం ఉన్నదని చెప్పు."

ఆ మాట నాన్నకు ఎలా తట్టిందో! లోపలి అంచు మీద బాల్‌పెన్నుతో రాసిన ఫోన్ నంబరు చెమటకు ఎప్పుడో చెరిగిపోయింది. నల్ల గ్లౌజులు ఆ రేంజ్‌లో వందలు ఉంటాయి. సార్ కోచ్‌ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: ఎడమచేతి గ్లౌజు, బొటనవేలి దగ్గర ఎర్ర కుట్టు. తెల్లారేసరికి ఆ మాట టేబుల్ దాకా వచ్చింది. ఆఫీసర్ పెట్టెలోంచి నన్ను తీసి, ఆ కుట్టు కనిపించేలా ఫోటో తీసి పంపాడు. అవును, అదే అని జవాబు వచ్చింది.

అప్పుడే బెంగాల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి టేబుల్ దగ్గర నిలబడి ఉంది. ఆమె చిన్న సంచి ఆటోలో ఉండిపోయింది, గ్లౌజు అందులోనే ఉంది. రెండు గంటల్లో ఆమె డీటెయిల్. ఎవరైనా అరువిస్తారా అని అడుగుతోంది. ఆఫీసర్ చేతిలో నన్ను చూసింది. "ఇది ఇవ్వడానికి నాది కాదమ్మా" అన్నాడాయన, వెంటనే ఫోన్ చేశాడు.

ఫోన్ స్పీకర్‌లో రైలు చప్పుడు, దాని మధ్యన మా అమ్మాయి గొంతు. రైలు నాగపూర్ దాటిందట. ఆఫీసర్ విషయం చెప్పాడు. రెండు క్షణాలు రైలు చప్పుడే వినిపించింది. తర్వాత మా అమ్మాయి తనకొచ్చిన హిందీలో అంది: "ఇవ్వండి సార్. చూపుడువేలి దగ్గర కొంచెం వదులుగా ఉంటుంది, పిడికిలి గట్టిగా పట్టుకోమని చెప్పండి."

బెంగాల్ అమ్మాయి నన్ను తీసుకుంది గానీ తొడుక్కోలేదు. వేరేవాళ్ల చేతికి వంగిన గ్లౌజు, తన చేతికి కుదురుతుందా అని సందేహం. ఆఫీసర్ వయసు మళ్లినవాడు, చాలా పోటీలు చూసినవాడు. ఆమెకు ఏథెన్స్ కథ చెప్పాడు. 2004 ఒలింపిక్స్‌కు ముందు అమెరికా షూటర్ మాట్ ఎమన్స్ రైఫిల్‌ను ఎవరో పాడుచేశారు. లాకర్‌లో పెట్టిన రైఫిల్, బ్యారెల్ లోపల గీకేశారు. తోటి షూటర్ ఆంబర్ డార్లాండ్ తన రైఫిల్ ఇచ్చింది. అరువు రైఫిల్‌తోనే ఎమన్స్ ఏథెన్స్‌లో 50 మీటర్ల ప్రోన్ పోటీలో స్వర్ణం గెలిచాడు. "నీకు పోయింది గ్లౌజే కదమ్మా, రైఫిల్ నీదే" అన్నాడు ఆఫీసర్.

నన్ను మళ్లీ కొలిపించారు. సరిపోయాను. ఆమె నన్ను తొడుక్కుంది.

మూడేళ్లు ఒకరి చేతికి, రెండేళ్లు ఇంకొకరి చేతికి ఉన్న నాకు ఆ 75 నిమిషాలూ కొత్త. ఆమె వేళ్లు పొట్టివి, చెయ్యి చల్లగా ఉంది. మా అమ్మాయి నాడి మొదట నెమ్మదిగా ఉండి చివర్లో పరుగెత్తుతుంది. ఈమెది తిరగేసి. మొదటి పది షాట్లు గుండె గ్లౌజులోకే వచ్చినట్టు కొట్టుకుంది. చూపుడువేలి దగ్గర వదులు ఆమెకు తెలిసింది, రెండుసార్లు రైఫిల్ దించి పిడికిలి మళ్లీ పట్టుకుంది. పదిహేను షాట్ల తర్వాత చెయ్యి వెచ్చబడింది. ఒక షాటుకు, అది ముప్పై దాటాక, ఆమె ఊపిరి వదిలిన చోట నాడి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ దొరికింది. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ మోయలేదు. మానిటర్ మీద 10.8 పడిందని తర్వాత ఆమె కోచ్ అంటే విన్నాను. ఫైనల్‌కు ఎనిమిది మందే వెళ్తారు, ఆమె వాళ్లలో లేదు. అయినా "స్టాప్" అన్నాక నన్ను విప్పి స్టూల్ మీద పెట్టలేదు. నడుముకున్న బెల్టు పట్టీలో దోపుకుంది. జాకెట్ విప్పుతూ మధ్యమధ్యలో ఒక చెయ్యి నా మీద వేసి చూసుకుంది.

నన్ను హనుమకొండ తెచ్చింది మా జట్టు పిస్టల్ కుర్రాడు. అతని పోటీ మూడు రోజుల తర్వాత. పిస్టల్ వాళ్లు ఒక్క చేత్తోనే కొడతారు, గ్లౌజుతో పనిలేదు. అందుకే నన్ను ఎక్కడ పెట్టాలో తెలియక టీషర్టులో చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. కాజీపేట ప్లాట్‌ఫారమ్ మీద రైలు దిగగానే మా అమ్మాయి చేతిలో పెట్టి "లెక్క సరిపోయిందా అక్కా?" అన్నాడు. ఆమె ముందు ఎర్ర కుట్టు చూసింది. తర్వాత లోపలికి వేళ్లు పోనిచ్చి ఆగింది. లోపల ఒక కాగితం మడత ఉంది. బెంగాల్ అమ్మాయి హిందీలో రాసింది: ధన్యవాదాలు, చూపుడువేలి దగ్గర నిజంగానే వదులుగా ఉంది. కింద తన ఫోన్ నంబరు.

ఆ మర్నాడు ప్రాక్టీస్‌కు వెళ్లాం. మేడమీద అద్దె హాలు, ఇక్కడ ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేవు. తీగ మీద జరిగే కాగితం టార్గెట్లు, స్విచ్ నొక్కితే వెనక్కి వస్తాయి. సార్ నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు. ఆమె పిడికిలి బిగించింది. చూపుడువేలి దగ్గరి వదులు కొంచెం పెరిగినట్టుంది, లేదా ఆమె చెయ్యే నన్ను కొత్తగా చూసుకుంటోంది. మొదటి ఏడు షాట్లూ నాడి అటూ ఇటూ తిరిగింది. ఎనిమిదో షాటుకు కుదురుకుంది. మోటారు గిర్రున తిరిగి టార్గెట్ దగ్గరికి వచ్చింది. మధ్యనుండే అర మిల్లీమీటరు తెల్లచుక్క కనిపించలేదు, పెల్లెట్ రంధ్రం దాన్ని మొత్తం మింగేసింది.

సార్‌ను పిలవడానికి ఆమె రైఫిల్ దించి, ఫ్లాగ్ పెట్టి, నన్ను విప్పింది. స్టూల్ మీద పెట్టబోయి, బెల్టు పట్టీలో దోపుకుంది.