రేపు రండి!

ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని నేను సంపాదించుకున్న బిరుదు ఒక్కటే: 'రేపు రండి గారు'. సంతకంలో కొమ్ము కాస్త వంగితే చెక్కు వెనక్కి. అంకెల్లో ఐదు వేలని, అక్షరాల్లో ఐదొందలని ఉంటే వెనక్కి. తేదీ మరిచిపోతే సరేసరి. పెన్షను కోసం వచ్చిన మాస్టార్లు నన్ను మనసులో తిట్టుకునే తిట్లు అద్దానికి ఇవతల నాకు స్పష్టంగా వినబడేవి. అలాంటి నేను, రిటైరైన రెండో ఏడాది, అడ్డు చెప్పే గుమాస్తా లేని చోట ఒక్క వేలితో ఇరవై వేలు మాయం చేశాను.

దీనికి మూలపురుషుడు మా మేనల్లుడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినవాడు అరిసెలు తిని ఊరుకోకుండా, "ఇంకా ఫిక్స్‌డ్ డిపాజిట్లేంటి మావయ్యా!" అని నా ఫోన్లో ఒక క్రిప్టో ఎక్స్ఛేంజి పెట్టి, 230 యూఎస్‌డీటీ కొనిపించాడు. ఒక్కోటీ ఒక డాలరు విలువకు కట్టేసిన నాణెం. పేరుకే నాణెం, మోగదు, జేబు బరువెక్కదు.

నెల తర్వాత ఫోన్ చేశాడు. "వాటిని ఇంకో ఎక్స్ఛేంజికి మారుద్దాం. ఆదివారం నేనొస్తా. అప్పటిదాకా నువ్వు ముట్టుకోకు మావయ్యా." జీవితమంతా డీడీలు రాసినవాణ్ణి పట్టుకుని ముట్టుకోకు అంటే పౌరుషం రాదూ?

గురువారమే కూర్చున్నాను. అవతలి ఎక్స్ఛేంజి ఇచ్చిన చిరునామా సున్నా, ఎక్స్‌తో మొదలై 42 అక్షరాలుంది. చేత్తో కొడితే తప్పు పోతుందని కాపీ చేసి పేస్ట్ చేశాను. ఇంతవరకు భేష్. అప్పుడు తెర అడిగింది: ఏ నెట్‌వర్క్‌లో పంపాలి? ఎథీరియం దారికి రుసుము నాలుగు డాలర్లు. దాని కిందే బీఎన్‌బీ దారి, దాదాపు ఉచితం. మూడొందల పైచిలుకు మిగులుతుంటే ఎవరికి చేదు? చవక దారి నొక్కాను.

తెర పచ్చబడింది. సక్సెస్! అవతలి ఖాతా తెరిస్తే సున్నా. కాఫీ తాగొచ్చి చూశాను, సున్నా. సీరియల్ అయ్యాక చూశాను, సున్నా. ఈ లావాదేవీల చిట్టా లోకంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. అందులో నా 230 నాణేలు చేరాల్సిన చిరునామాకు చేరినట్టు పచ్చ అక్షరాల్లో రాసుంది. ఆపరేషన్ సక్సెస్, పేషెంటు మాత్రం లేడు.

ఆదివారం మేనల్లుడు వచ్చి తల పట్టుకున్నాడు. ఎథీరియం చిరునామా, బీఎన్‌బీ చిరునామా చూడ్డానికి ఒకేలా ఉంటాయట. డోర్ నంబరు అదే, ఊరు వేరు. బెజవాడలో ఇవ్వాల్సిన పార్సిల్‌ను అదే డోర్ నంబరు చూసుకుని విశాఖపట్నంలో దించొచ్చానన్నమాట. అవతలి ఎక్స్ఛేంజికి బెజవాడలోనే కౌంటరుంది, విశాఖలో లేదు. అదే నేను ట్రాన్ దారి నొక్కి ఉంటే, ఆ చిరునామాలు టీ అక్షరంతో మొదలవుతాయి కాబట్టి తెర 'ఇది చెల్లదు' అని ఆపేసేది. మరీ కొట్టొచ్చినట్టుండే తప్పును యంత్రం పట్టేస్తుంది. ఒప్పులా కనబడే తప్పును దండం పెట్టి మరీ సాగనంపుతుంది. గుమాస్తా కావాల్సింది సరిగ్గా అక్కడే.

ఎక్స్ఛేంజికి ఉత్తరం రాశాను. ఆ నెట్‌వర్క్ తమకు లేదని, ప్రస్తుతం ఏమీ చేయలేమని, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని జవాబొచ్చింది. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అచ్చం నేను రాసినట్టే ఉంది.

ఆ బాధ టెలిగ్రామ్‌లో నలుగురికీ చెప్పుకున్నానో లేదో, ఒక పరోపకారి ప్రత్యక్షమయ్యాడు. పోయిన నాణేలు రప్పిస్తాడట. నా ఖాతా పాస్‌వర్డ్ చెబితే చాలట. మేనల్లుడు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "తాళం పోయిందని దొంగకి బీరువా ఇస్తావా మావయ్యా!"

ఇదంతా వింటూ మా ఆవిడ వంకాయలు తరుగుతోంది. ఆవిడ సంగతి చెప్పాలి. పాలవాడికైనా, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సుకైనా ఫోన్లో ముందు ఒక్క రూపాయి కొడుతుంది. "బాబూ, వచ్చిందా?" అని ఫోన్ చేస్తుంది. వచ్చిందంటేనే మిగతాది పంపుతుంది. ఈ చాదస్తానికి నేను పదేళ్లుగా నవ్వుతున్నాను.

"అత్తయ్య చేసేదే చెయ్యాలి మావయ్యా," అన్నాడు మేనల్లుడు. "దాన్నే టెస్ట్ ట్రాన్సాక్షన్ అంటారు."

"ఏవండీ, విన్నారా?" అంది ఆవిడ, వంకాయ మీంచి చూపు తిప్పకుండా.

రూపాయి పంపి చూస్తే రుసుము రెండుసార్లు పడుతుంది. పడనీ. అయితే మొదటిది చేరింది కదా అని రెండోసారి చిట్టాలోంచి చిరునామా ఏరుకోకూడదు. మన చిరునామాకు జంటలా, ముందు వెనక అక్షరాలు కలిసేలా ఒకటి తయారుచేసి, దాన్నుంచి చిల్లర లావాదేవీ మన చిట్టాలోకి తోసే దొంగలున్నారు. 2024 మే నెలలో ఒక మదుపరి అలా మోసపోయి, దాదాపు 6.8 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ టోకెన్లు దొంగకే పంపాడు. దొంగకేమనిపించిందో, తర్వాత చాలావరకు తిరిగిచ్చాడు. అందరు దొంగలకూ అలా అనిపించదు. నా సర్వీసులో చూసిన దొంగ సంతకాలన్నీ మొదలూ చివరా చక్కగా కుదిరి నడుమ వణికేవి. చిరునామాలోనూ నడుమే చూడండి.

ఇంకోటి, ఎక్స్ఛేంజికి ఎక్స్‌ఆర్‌పీ లాంటి నాణేలు పంపితే చిరునామాతోపాటు ట్యాగ్ అనే అంకె కూడా రాయాలి. అందరి డబ్బూ ఒకే హుండీలో పడుతుంది, ఎవరిదేదో చెప్పేది ఆ అంకే. అది లేకపోతే డిపాజిట్ స్లిప్పులో ఖాతా నంబరు రాయకుండా డబ్బు కట్టి వెళ్లిపోవడమే. అలాంటివాళ్లను నేను బజారు దాకా పరిగెత్తి వెనక్కి పట్టుకొచ్చేవాణ్ణి. ఇక్కడ మన వెనక పరిగెత్తేవాడు లేడు.

నా 230 నాణేలు ఇప్పటికీ ఆ చిరునామాలోనే ఉన్నాయి. రోజూ పొద్దున చూసుకుంటాను, మనవణ్ణి వీడియో కాల్లో చూసినట్టు.

కనుక అయ్యలారా, అమ్మలారా! పంపు అనే మీట నొక్కే ముందు అద్దం వెనక నేను కూర్చున్నాననుకోండి. ఊరేది, డోర్ నంబరేది, నడుమ అక్షరాలేవి, ట్యాగేది, రూపాయి చేరిందా? ఒక్కదానికి జవాబు తడబడినా సరే, రేపు రండి!