ఇరవయ్యే కదా!

డెలివరీకి బ్రోకరేజీ సున్నా, ఆప్షన్లకు ఆర్డరుకు ఇరవయ్యే అని షేర్ల ట్రేడింగ్ యాప్ ఊరించింది. వంకాయల బేరంలో రూపాయి వదలని మన ట్రేడరుగారు నాలుగు యాప్‌ల రేట్లు పోల్చి, చౌకదాన్నే పట్టారు. చౌక దొరికాక చెయ్యి ఊరుకుంటుందా?

కొంటే 20, అమ్మితే 20, దానిమీద జీఎస్టీ 18 శాతం. వెరసి ఒక విడతకు రూ.47.20. రోజుకు పది విడతలు, నెలకు ఇరవై రోజులు: రూ.9,440. అయ్యగారి పెట్టుబడేమో రూ.50 వేలు! ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజ్ చార్జీలు, స్టాంపు డ్యూటీ వేరే. లాభమొచ్చినా నష్టమొచ్చినా వాళ్ల వాటా వాళ్లకు ముట్టాల్సిందే.

2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీసి, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో (ఎఫ్ అండ్ ఓ) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి చేతులు కాలాయని సెబీ మొత్తుకుంది. అయ్యగారి దిగులు మాత్రం వేరు:

"ఆర్డరుకు పదిహేనే తీసుకునే యాప్ ఏదైనా ఉందా గురూ?"

"పదిహేనెందుకు నాయనా? ఆర్డరు పెట్టకుండా కూర్చుంటే అన్ని యాప్‌లలోనూ బ్రోకరేజీ సున్నాయే!"